నిదానించి చూసిన నేల

 బందరులో ఈ సభను కార్తీక మాసంలో జరపడం మాస్టారి శిష్యులు పెట్టుకున్న నియమం. మన డెల్టాలో కార్తీకం తీరిక మాసం కాదు. సార్వా పంట కోతకు వచ్చి ఉంటుంది. సముద్రంలో వాయుగుండమన్న వార్త ఏ పూటనైనా వినవలసి రావచ్చు. ఇటువంటి రోజుల్లో ఒక సాయంకాలాన్ని ఒక మనిషి జ్ఞాపకానికి ఇచ్చి వచ్చినందుకు ముందుగా మీకు నా కృతజ్ఞతలు.

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతున్నదో ఆయన్ని ఈ ప్రాంతంలో మూడు తరాలవారు మాస్టారు అనే పిలిచారు. నేనూ అలాగే పిలుస్తాను. పూర్తి పేరు చెప్పి, బిరుదులు తగిలించి మాట్లాడితే ఆయనకు ఇబ్బందిగా ఉండేది. ఆయన బతికి ఉండగా చేయని పనిని ఇప్పుడు చేయలేను.

నిర్వాహకులు నన్ను సాహిత్యం మీద మాట్లాడమన్నారు. నేను ఒక మాట మీద మాట్లాడతానన్నాను. వారు ఒప్పుకున్నారు. ఆ మాట దగ్గరికి రావడానికి ముందు ఈ సభ పేరులోనే ఉన్న మాటను ఒకసారి చూడవలసి ఉంది. స్మారకం అన్న మాటకు తెలుగులో రెండు వాడుకలున్నాయి. పోయినవారి గుర్తుగా నిలిపిన స్తంభం స్మారకం, ఇటువంటి ఉపన్యాసం స్మారకం. మనిషి సొమ్మసిల్లితే మాత్రం స్మారకం తప్పిందంటాం, కళ్లు తెరిస్తే స్మారకం వచ్చిందంటాం. పోయినదాన్ని గుర్తుంచుకోవడానికీ ఎదుట ఉన్నదాని పట్ల మెలకువగా ఉండటానికీ ఒకే మాట సరిపోతుందని మన భాష అనుకుంది. ఇక్కడికి దగ్గరలోనే, ఘంటసాలలో స్తూపం కట్టుకున్న బౌద్ధులూ అలాగే అనుకున్నారు. ఊపిరిని గమనించడానికి, అడుగును గమనించడానికి వారు వాడిన పాళీ మాట సతి. అది సంస్కృతంలోని స్మృతే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్ జిన్ దీర్ఘకాలపు నొప్పులతో ఉన్న రోగులకు నేర్పడం మొదలుపెట్టిన శిక్షణ, ఈనాడు ఫోన్లలో నెలవారీ చందాకు దొరుకుతున్న ధ్యాన పాఠాలు, ఆ సతికి దూరపు బంధువులు.

నేను ఎంచుకున్న మాట నిదానం. లారీల వెనక, ఘాట్ రోడ్ల మలుపుల్లో రాసి ఉండే నిదానమే ప్రధానం అన్న హెచ్చరికలో దాని అర్థం అరిగిపోయింది. వైద్యులకు నిదానం అంటే రోగానికి మూలం కనిపెట్టడం. మాధవ నిదానం అన్న గ్రంథం పేరు అలా వచ్చిందే. మనకేమో అది నెమ్మదితనం. ఈ రెండర్థాలూ వేరువేరు దారుల్లో పోతున్నట్టు కనిపిస్తాయి గాని, పెద్దవాళ్లు ‘నిదానించి చూడు’ అన్నప్పుడు రెండూ ఒకచోట కలుస్తాయి. కంగారుపడకుండా చూడమనీ, అసలు సంగతి తేలేదాకా చూడమనీ ఒకే నోటితో చెప్పడం అది. నా ప్రతిపాదన కూడా ఇంతే. ప్రతి పదార్థానికీ, ప్రతి పనికీ, ప్రతి మనిషికీ తనదైన కాలం ఉంటుంది. ఆ కాలమేమిటో కనిపెట్టి మన కాలాన్ని దానికి ముడివేయడం నిదానం. అది పుట్టుకతో వచ్చే స్వభావం కాదు, ఆస్తిపాస్తులున్నవారి తీరిక కాదు. నేర్చుకుంటే వచ్చే విద్య, మానేస్తే పోయే విద్య. కృష్ణ కింది డెల్టా ఆ విద్యను ఎక్కడెక్కడ, ఎవరి చేతుల్లో నిలుపుకుందో చూడాలన్నది ఈ సాయంకాలపు ప్రయత్నం.

మనం నిలబడిన నేల నుంచి మొదలుపెడదాం. పడమటి కనుమల్లో పుట్టి పరుగెత్తి వచ్చే నదిలో ఒండ్రు నీటితోపాటే కొట్టుకు వస్తుంది. నీటికి ఉరవడి ఉన్నంతసేపు అది కిందికి దిగదు. పల్లానికి వచ్చి, పాయలుగా చీలి, సముద్రం పోటుకు ఎదురై నీరు మందగించిన చోట దిగుతుంది. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ హంసలదీవిలో సముద్రాన్ని చేరేలోగా దివిసీమ ఏర్పడింది అలాగే. నది ఆగి ఆగి వేసిన నేల ఇది. ఇప్పుడు ఎగువన నాగార్జునసాగరం, శ్రీశైలం వంటి జలాశయాల్లో ఆ ఒండ్రులో చాలా భాగం నిలిచిపోతున్నది. డెల్టా అంచుకు చేరే మట్టి బాగా తగ్గింది, తీరం కొన్నిచోట్ల కోసుకుపోతున్నది. జలాశయాలు కట్టకూడదని నేననడం లేదు. వాటి నీళ్లతోనే మన సార్వా నడుస్తున్నది. నదికి ఒక గతి ఉందనీ, దాన్ని మార్చినప్పుడు లెక్క ఎక్కడో ఒకచోట తేలుతుందనీ మాత్రమే నా మనవి.

1832-33లో వచ్చిన కరువు కృష్ణకు అటూ ఇటూ ఉన్న నేలను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసింది. ఆ జ్ఞాపకం ఆరకముందే, 1852 నుంచి 1855 వరకు బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. కాలవలు వచ్చాయి. వాటితో ఎదురుచూపు పోయిందని అనుకుంటాం గాని, నిజానికి దానికొక క్రమం ఏర్పడింది. అంతవరకు రైతు ఆకాశం కోసం ఎదురుచూసేవాడు, ఆ తర్వాత వంతు కోసం ఎదురుచూశాడు. తూము ఎవరికి ఎన్నాళ్లు తెరిచి ఉంటుంది, పై ఊరివాడి చేను తడిశాక కింది ఊరికి నీరు ఎప్పుడు దిగుతుంది, రాత్రి వంతు ఎవరిది అన్నవి మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతులు. కాలవ లస్కరు సైకిలు మీద గట్టు వెంబడి పోతుంటే నీటి కబురు అడగని రైతు ఉండేవాడు కాదు. వంతు అన్నది న్యాయం గురించిన మాట. ఎదుటివాడి అవసరం తీరేదాకా నా అవసరం ఆగుతుందన్న ఒప్పందం అది. శివారు భూముల్లో ఆ ఒప్పందం తరచుగా తప్పేదన్నది కూడా అంతే నిజం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

కాలాన్ని కొలిచే తీరు మారింది ఇంకొంత తర్వాత. మన ఇళ్లలో జాములు, ఘడియలు ఉండేవి. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. అంతకంటే సన్నగా కాలాన్ని తరగవలసిన పని పంచాంగం చూసే బ్రాహ్మణుడికి తప్ప మరొకరికి పెద్దగా ఉండేది కాదు. 1906 జనవరి 1 నుంచి దేశానికి ఒక అధికారిక గడియారపు కాలం అమలులోకి వచ్చింది. రెండేళ్లకు, 1908లో, బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలు వచ్చింది. నిమిషం అన్నది ఈ ఊళ్లలోకి రైలెక్కే వచ్చిందని నా ఊహ. అదే కాలంలో, ఇదే ఊళ్లో, 1902లో మొదలైన కృష్ణా పత్రికను ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945 దాకా నడిపారు. సాయంకాలం పత్రిక కార్యాలయంలో చేరేవారి గోష్ఠిని కృష్ణా పత్రిక దర్బారు అనేవారు. బందరు బుర్రకు పదును పెట్టింది రైలు తెచ్చిన వార్తలా, ఆ వార్తల చుట్టూ రోజూ నడిచిన గోష్ఠా అని అడిగితే నేను గోష్ఠి పక్షాన నిలుస్తాను.

ఇక చేతిపనికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలవడానికి మీ అనుమతి కావాలి.

ఇంగ్లీషు కంపెనీ బందరులో వర్తకస్థానం పెట్టుకున్నది 1611లో. వాళ్లూ, వాళ్లకంటే ముందు డచ్చివాళ్లూ, పారశీక వర్తకులూ ఇక్కడికి వచ్చింది బట్ట కోసం. కలంకారీ అన్న పేరు పారశీకమే. పేరులో కలం ఉన్నా, బందరు వైపు పని అచ్చుతో నడుస్తుంది. ఆ పని ఇప్పుడు ప్రధానంగా పెడనలో ఉంది. 2008లో మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాస్టారు మమ్మల్ని ఎనిమిదో తరగతిలో పెడనలోని ఒక కార్ఖానాకు తీసుకెళ్లారు. ఈ ఉపన్యాసం రాయబోతూ నేను మళ్లీ వెళ్లాను.

ముతక కోరా బట్టను ఉతికి, పేడనీళ్లలో తడిపి, ఎండకు తెలుపు తీస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. ఆ బట్టకు లేత పసుపు వన్నె, పులిసిన పాల వాసన ఉంటాయి. నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరనిస్తారు. ఆ నీరు చూడటానికి నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టను తాకినప్పుడు నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. టేకు అచ్చును ముంచేది ఎర్రరంగులో కాదు, జిగురు కలిపిన పటిక నీటిలో. అచ్చు పడిందో లేదో అద్దేవాడి కంటికి ఆనడానికి అందులో కాస్త వన్నె కలుపుతారు, అది ఉతుకులో పోయేదే. అచ్చును బట్ట మీద ఆనించి పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. పక్క గడికి జరుగుతాడు. గంటల తరబడి అతను అద్దుతున్న పువ్వు ఇంకా పుట్టలేదు. బట్ట కొన్నాళ్లు అలా ఉండాలి. పటిక నూలులోకి దిగాలి. తర్వాత కాలవలో జాడించాలి. అదీ పారే నీటిలోనే జాడించాలి. నిలవ నీటిలో జాడిస్తే ఒకచోట ఊడిన పటిక ఇంకోచోట అంటుకుని, రేపు అక్కడ మరక లేస్తుంది. నీటి ఉరవడి మరీ ఎక్కువైనా ఇబ్బందే. రేవులో నడుముల్లోతు నీళ్లలో నిలబడినవాళ్లకు ఆ తేడా పాదాలకు తెలుస్తుంది. చివరికి మంజిష్ఠ వేసిన కాగులో బట్టను వేసి, కర్రలతో తిప్పుతూ మరిగిస్తే, పటిక ఉన్న చోటల్లా ఎరుపు పైకి వస్తుంది.

ఎనిమిదో తరగతి పిల్లలం మేము ఆ కాగు చుట్టూ నిలబడ్డాం. ఎప్పుడు వస్తుంది అని ఎవరో అడిగారు. కాగు దగ్గరున్న పెద్దాయన కర్ర ఆపకుండా ‘వచ్చినప్పుడు చూస్తారుగా అబ్బాయ్, కళ్లు పక్కకు తిప్పకండి’ అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు. మరునాడు క్లాసులో ఆ ఎరుపు ఏ క్షణంలో కనిపించిందో రాయమన్నారు. నలభై మందిలో ముగ్గురో నలుగురో రాయగలిగారు. నేను రాయలేకపోయాను.

ఇప్పుడు పెడనలో చాలా బల్లల మీద స్క్రీన్లు, రసాయనిక రంగులు వచ్చాయి. ఆ బట్టనూ కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. బతకవలసిన మనుషులను నేను తప్పుపట్టను. కరక్కాయ బట్టకు పట్టే రోజులకు కూలి కట్టి కొనేవారు తగ్గారు. కాలవ నీరు మునుపటంత శుభ్రంగానూ లేదు. కాని కార్ఖానాలో పోతున్నది రంగు ఒక్కటే కాదని గుర్తించాలి. పువ్వు కనిపించకపోయినా అద్దుతూ పోగలిగిన ఆ నిబ్బరం కూడా పోతున్నది. అది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, పిడికిలిలో ఉంది.

పెడన నుంచి మొవ్వ ఎంతో దూరం లేదు. పదిహేడో శతాబ్దంలో అక్కడి వేణుగోపాలుడి పేరు మీద పదాలు చెప్పిన క్షేత్రయ్య ఈ నేలవాడు. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువుదాకా ఆ పదం వెళ్లింది. వేల పదాలు చెప్పాడని ప్రతీతి, మనకు మిగిలినవి వందల్లోనే. పదానికి సంగీతం తెలిసినవారు చెప్పే మొదటి లక్షణం చౌకకాలం. ఎక్కువ పదాలు త్రిపుట తాళంలో, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలినంత చోటు వదులుతూ నడుస్తాయి. పాడేవారికి ఇది కష్టమైన పరీక్ష. జోరుగా పాడేటప్పుడు గొంతులోని లోపాలు దాటిపోతాయి. చౌకంలో దాచుకోవడానికి చోటు ఉండదు.

పదాన్ని అభినయించే తీరు ఇంకా లోతైనది. కూర్చున్న చోటనే, ఒక్క పంక్తిని పది పన్నెండు సార్లు పాడతారు. పాడిన ప్రతిసారీ ముఖం వేరే అర్థం చెబుతుంది. నాయిక తన వాడి మీద కోపంతో అన్న మాటే ఇంకో ఆవృత్తిలో జాలిగా, మరో ఆవృత్తిలో తన మీద తనకే నవ్వుగా మారుతుంది. మాట మారదు. వినేవాడు మారుతూ ఉంటాడు. ఒక్కసారి విని అర్థమైందని లేచిపోయేవాడికి పదం అందదు. మనం రోజూ వింటున్న మాటల్లో ఎన్నిటిని రెండోసారి వింటున్నాం?

ఈ విద్యను నిలిపినదెవరో కూడా చెప్పుకోవాలి. కృష్ణా గోదావరి డెల్టాల్లో పదాభినయం కళావంతుల స్త్రీల చేతుల్లో ఉండేది. 1947 నాటి మద్రాసు చట్టం ఆడపిల్లలను గుళ్లకు అంకితం చేసే ఆచారాన్ని నిషేధించింది. నిషేధించవలసినదే. అయితే ఆ ఆచారంతోపాటు, ఆ స్త్రీలకు మాత్రమే తెలిసిన విద్యను కూడా సిగ్గుపడవలసినదిగా చూశాం. వారిలో చాలామంది తమ పిల్లలకు నేర్పకుండానే పోయారు. మొవ్వలో పుట్టిన పదం ఈనాడు వినపడుతున్నదంటే వీణ ధనమ్మాళ్ కుటుంబం వంటి మద్రాసు ఇళ్లకు మనం చాలా రుణపడి ఉన్నాం. ఇంటి ముందు పుట్టిన నిదానాన్ని మనం పోగొట్టుకుంటే పొరుగువారు దాచి ఉంచారు. పక్కనే కూచిపూడిలో, రాత్రంతా నడిచే భామాకలాపం ఇప్పుడు వేదిక ఇచ్చిన గంటన్నరకు కుదించుకుంటున్నది. కొన్నిచోట్ల ఒక్క ప్రవేశ దరువు మిగిలింది. దరువు అందంగానే ఉంటుంది. సత్యభామ మాత్రం అప్పుడే వచ్చి అప్పుడే వెళ్లిపోతుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ధ్యాస కుదరాలంటే సందడి లేని చోటు కావాలని ఎవరైనా అనుకోవచ్చు. మన సంప్రదాయం అలా అనుకోలేదు. అందుకు సాక్ష్యం అవధానం. ఆ మాటకు అర్థమే ధ్యాస. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు ఈ బందరులోనే హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ, వేటూరి ప్రభాకర శాస్త్రి, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు ఆయన శిష్యులు. అష్టావధానంలో ఎనిమిది మంది చుట్టూ కూర్చుని అవధానిని తలా ఒకవైపు లాగుతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, ఇంకొకరు సందర్భం లేని కబుర్లు చెబుతారు. గంట మోగినప్పుడల్లా లెక్కపెట్టుకోవాలి. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పి ఆపుతాడు. వరస తిరిగి వచ్చినప్పుడు ఆపిన చోట నుంచి అందుకుంటాడు. చివరికి పద్యాలన్నిటినీ పూర్తిగా అప్పజెబుతాడు. దాన్ని ధారణ అంటారు. ఆటంకాలు లేకపోవడం గొప్ప కాదక్కడ. తెగిన చోటు గుర్తుండటం గొప్ప.

ఇప్పుడు నా మాటకే నేను అడ్డం చెప్పుకోవాలి. దివిసీమ నుంచి వచ్చినవారి ముందు నిదానాన్ని పొగుడుతూ కూర్చుంటే వారు నన్ను క్షమించరు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చినప్పుడు సుమారు ముప్పై వేల మంది పోయారు. నూట పదమూడేళ్ల తర్వాత, 1977 నవంబరు 19, శనివారం, ఉప్పెన దివిసీమను ముంచింది. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు పది వేలకు తక్కువ లేరు. హెచ్చరిక చేరవలసినవారికి చేరవలసిన తీరులో చేరలేదు. ఆనాడు మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారు ఆ శవాల మధ్య తిరిగారు. 1990 మేలో దాదాపు అంతటి తుఫాను ఈ తీరాన్నే తాకింది. అప్పటికి వార్త పరుగెత్తడం నేర్చుకుంది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. ఆ వేగానికి చేతులెత్తి మొక్కాలి. నిదానించడం తెలిసినవాడికి ఎప్పుడు పరుగెత్తాలో కూడా తెలియాలి. వాయుగుండానికీ దాని కాలం ఒకటి ఉంది, అది మన కోసం ఆగదు. ఆలస్యం అమృతం విషం అన్న సామెతను మన పెద్దలు ఊరికే పుట్టించలేదు.

ఇంకో అడ్డం కూడా ఉంది. ఎదురుచూపులన్నీ ఒకటి కావు. కృత్తివెన్ను, నాగాయలంక శివార్లలో ఆకుమడి ముదిరిపోతుంటే నీటి కోసం చూసే రైతుది నిదానం కాదు, నిస్సహాయత. ఒకరి తీరిక కోసం ఇంకొకరు కావలి కాసిన సందర్భాలు మన చరిత్రలో బోలెడన్ని. వాటిని నేను విద్య అనను. ఎవరి కాలం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న వేయకుండా నెమ్మదిగా బతకమని బోధించే ఉపన్యాసాలు ఈనాడు చాలా వినపడుతున్నాయి. వాటి వరసలో ఇది చేరకూడదని నా కోరిక.

మరి వేగం ఎదురుచూపును పోగొట్టిందా? కోతలనే చూడండి. మా చిన్నప్పుడు వరి కోసి, పనలు ఆరనిచ్చి, కట్టలు కట్టి, కుప్ప వేసి, సంక్రాంతికి అటూ ఇటూగా నూర్చేవారు. కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే, నిలబడిన వరిలో మినుములు చల్లేవారు. వరి ఒడ్డుకు చేరేసరికి మినుము రెండాకులు వేసి, మంచుకే పెరిగి పండేది. ఒక పంట వెళ్లకముందే ఇంకో పంటను పిలిచే ఆ రెండు మూడు రోజులను కనిపెట్టడం రైతు విద్య. ఇప్పుడు మిషను ఒక్క పూటలో ఎకరాలకు ఎకరాలు కోసి గింజ చేతికిస్తున్నది. కూలీలు దొరకనిచోట, తుఫాను తరుముకొస్తున్నప్పుడు అది గొప్ప ఆసరా. అయితే దాని చక్రాల కింద మినుము మొలక నలిగిపోతుంది. వచ్చిన గింజ పచ్చిగా ఉంటుంది. కొనుగోలుకు తేమ పదిహేడు శాతం మించకూడదు. అందుకే ఈ నెలలో బందరు, గుడివాడ దారుల వెంబడి తారు రోడ్డు అంచున ధాన్యం పరిచి, పగలు కాళ్లతో తిరగేస్తూ, రాత్రి పట్టాలు కప్పి కాపలా పడుకునే మనుషులు మీకు కనిపిస్తారు. కుప్పలో జరగవలసిన ఎదురుచూపు రోడ్డు మీదికి వచ్చింది. గింజ ఆరే కాలం గింజదే. మిషను దాన్ని తగ్గించలేదు, పక్కకు జరిపింది.

ఆక్వా సాగులోనూ ఇదే చూశాను. గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువులు, కోడూరు వైపు రొయ్యల చెరువులు డబ్బు తెచ్చాయి. నష్టాలూ తెచ్చాయి. రొయ్య పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. ఆ మూడు నాలుగు నెలలూ రైతుకు నిద్ర ఉండదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోతుందని, కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయని, ఫోను దిండు కిందే. పంట కాలం తగ్గింది, కాపలా కాలం పెరిగింది. వేగం ఇంకా రాబోతున్నది. 2023లో బందరు ఓడరేవు పనులు మొదలయ్యాయి. మాస్టారి తరంవారు ఎన్నో ఏళ్లు అడిగిన రేవు అది. రావాలి. దానితోపాటు ఇంకెన్ని నిమిషాలు ఈ ఊళ్లలోకి దిగుతాయో మనం ఊహించుకోవచ్చు.

ఇక మాస్టారి దగ్గరికి వస్తాను.

ఆయన పాఠం చెప్పేటప్పుడు ప్రశ్న అడిగి, చెయ్యెత్తినవాణ్ని వెంటనే లేపేవారు కాదు. కొంతసేపు ఆగేవారు. మొదట చెయ్యెత్తినవాళ్లు దించేసుకునేవారు, మెల్లగా ఇంకెవరో ఎత్తేవారు. రెండోసారి లేచిన చెయ్యినే ఆయన చూసేవారు. అప్పట్లో అది మాకు అన్యాయంగా తోచేది. తర్వాత నేనూ పాఠాలు చెప్పుకు బతికాను. ఆ నిశ్శబ్దాన్ని ఒక్కరోజు కూడా పట్టుకోలేకపోయాను.

చివరిసారి ఆయన్ని చూసింది బందరులో, వాళ్లింటి వరండాలో. నన్ను కూర్చోబెట్టి 1977 సంగతి ఎత్తారు. ఉప్పెన తర్వాత కొందరు పెద్ద క్లాసు పిల్లలను వెంటబెట్టుకుని ఆయన దివిసీమకు వెళ్లారని తెలుసు గాని, అంతకుముందు ఎన్నడూ ఆ మాట ఆయన నోట రాలేదు. కోడూరు అవతల ఒక ఊళ్లో పదకొండు రోజులు ఉన్నారట. ఆయన చెబుతున్నప్పుడు నా చొక్కా జేబులో ఫోను మోగింది. చూసుకున్నాను. ఆయన మాట ఆపారు. నేను తలెత్తాక, ఆపిన పదం నుంచి అందుకున్నారు. ఇంకాసేపటికి మళ్లీ మోగింది, మళ్లీ చూశాను, మళ్లీ ఆపి మళ్లీ అందుకున్నారు. మూడోసారి కూడా అంతే. ముఖంలో విసుగు లేదు. తెగిన చోటు ఆయనకు గుర్తుంది. పోగొట్టుకున్నది నేను. ఆ ఊరి పేరు ఆయన చెప్పారు. ఎవరి ఇంట్లో ఉన్నారో, ఎవరిని వెతికి తీసుకొచ్చి ఎవరికి అప్పగించారో కూడా చెప్పారు. ఆ పేర్లు నా చెవిన పడ్డాయి, నాలో దిగలేదు. వచ్చిన ఫోన్లు దేని గురించో కూడా ఇప్పుడు గుర్తు లేదు. నాలుగు నెలలకు మాస్టారు పోయారు.

ఈమధ్య కోడూరు నుంచి హంసలదీవి దారిలో నాలుగైదు ఊళ్లు తిరిగాను. ఉప్పెన తర్వాత బందరు నుంచి పిల్లలతో వచ్చి పదకొండు రోజులున్న తెలుగు మాస్టారు ఎవరికైనా గుర్తున్నారా అని అడిగాను. ఆ రోజుల్లో చాలామంది వచ్చారన్నారు కొందరు. ఒక ఊళ్లో, చేలో మినుములు చల్లుతున్న పెద్దావిడ నా మాట పూర్తిగా విని, చేతిలో ఉన్నవి చల్లి, చెంగు దులుపుకుని గట్టు దగ్గరికి వచ్చింది. పొట్టిగా, కళ్లజోడుతో ఉండేవారా అని అడిగింది. అవునన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసింది. ‘ఇప్పుడు చెప్పే సంగతి కాదు బాబూ అది. కోతలయ్యాక రా, కూర్చుని చెప్తాను’ అంది.

వెళ్తాను. సెలవు.